మల్లెలో దాగిన మురికి వాసన: డిజైనర్ల తెల్లపూల సెంట్ల గురించి

(బెంగళూరులో తెలుగువాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. మాట్లాడటం మొదలుపెట్టేముందు ఒక చిన్న పని ఉంది. మీ కుర్చీల మీద నాలుగేసి కాగితం చీటీలు ఉన్నాయి చూడండి, ఒక్కోటి ఒక్కో కవర్లో. ఇప్పుడే తెరవకండి. నేను చెప్పినప్పుడు నంబరు వేసిన కొస పట్టుకుని, రెండో కొసని ముక్కుకు అంగుళం దూరంలో పెట్టి వాసన చూడాలి. ముక్కుకు తగిలిందా, ఇక ఈ పూటంతా అదే వాసన. వెనక వరుసలో ఎవరో రెండో నంబరు తెరిచేశారు, నాకు ఇక్కడిదాకా తెలుస్తోంది. పర్లేదండి, మూసేయండి, దాని దగ్గరికే వస్తాం.

తెల్లపూల సెంటు. మాల్‌లో అద్దాల కౌంటర్ దగ్గరికి వెళ్తే సేల్స్ అమ్మాయి "వైట్ ఫ్లోరల్ మేడమ్" అంటుంది కదా, అదే. ఏ పూలు ఇందులోకి వస్తాయి? మల్లె. జాజి. మన ఊళ్లలో లిల్లీ అని కిలోల్లెక్కన అమ్మే నేలసంపెంగ, అంటే ఇక్కడ కే.ఆర్. మార్కెట్లో సుగంధరాజ అని అడిగి తెచ్చుకునేది, సెంటు డబ్బా మీద ట్యూబ్‌రోజ్ అని ఉండేది. నారింజ పువ్వు. గార్డెనియా. గులాబీకి ఇందులో చోటు లేదు, అది వేరే కుటుంబం.

ఈ పూలలో చాలావాటికి ఒక పోలిక ఉంది. తెల్లగా ఉంటాయి, పొద్దు వాలాక ఘుమాయిస్తాయి. ఎందుకు? రాత్రిపూట తిరిగే రెక్కల పురుగుల్ని పిలుచుకోవాలి కాబట్టి. చీకట్లో రంగు ఎవడు చూడొచ్చాడు? దూరం నుంచి పిలవాలంటే వాసనే గతి. అందుకే ఈ పూల వాసన అంత గట్టిగా ఉంటుంది, మొహమాటం లేకుండా ఉంటుంది. సెంటు చేసేవాడికి దీంతో వరమూ ఉంది, తలనొప్పీ ఉంది.

సరే, బట్టలు కుట్టే డిజైనర్లకీ సెంట్లకీ ఏమిటి సంబంధం? 1911లో పారిస్‌లో పోల్ పొయిరే అనే డిజైనర్ తన కూతురు రోజీన్ పేరు మీద సెంట్ల కంపెనీ పెట్టాడు. బట్టల డిజైనర్ సెంటు అమ్మడం దాదాపు అక్కడే మొదలు. పదేళ్ల తర్వాత, 1921లో, షనెల్ నంబర్ ఫైవ్ వచ్చింది. కూర్చినవాడు ఎర్నెస్ట్ బో. 1930లో జాన్ పటూ 'జాయ్' తెచ్చాడు, దాన్ని కూర్చింది ఆన్రీ అల్మెరాస్. 1948లో రాబెర్ పిగే అనే డిజైనర్ 'ఫ్రకా' విడుదల చేశాడు, కూర్చినావిడ జెర్మెన్ సెలియే. గమనించారా? ప్రతిసారీ రెండు పేర్లు చెబుతున్నాను. సీసా మీద ఉండే పేరు ఒకరిది, లోపల ఉండే ద్రవం ఇంకొకరిది. డిజైనర్ సెంటు కలపడు. ఇలాంటి అమ్మాయి, ఇలాంటి రాత్రి, ఇలాంటి పట్టు అని ఒక కాగితం మీద రాయించి, కిలో సెంటు నూనెకు ఇంతకు మించి పెట్టను అని ఖర్చు కూడా చెప్పి, జివోడాన్, ఐఎఫ్ఎఫ్, సిమ్రైజ్ లాంటి సెంట్లు కూర్చే కంపెనీలకు పంపిస్తారు. వాళ్ల దగ్గరి పెర్ఫ్యూమర్లు పోటీ పడి నమూనాలు ఇస్తారు. షనెల్, డియోర్ లాంటి కొద్దిమంది మాత్రం సొంత పెర్ఫ్యూమర్‌ని ఇంట్లోనే పెట్టుకున్నారు.

కాబట్టి డిజైనర్ పేరు చూసి మురిసిపోవద్దు. ఎవరు కూర్చారు, ఏ ఏడాది, అది చూడండి. సినిమాకు హీరో పేరుతో పాటు డైరెక్టర్ పేరు అడుగుతాం కదా.

ఇప్పుడు ఒకటో నంబరు చీటీ తెరవండి. ఏమొస్తోంది? అరటిపండు అంటున్నారు. నెయిల్ పాలిష్ అంటున్నారు. రెండూ కరెక్టే. దీని పేరు బెంజైల్ ఎసిటేట్. జాజి నూనెలో బాగా ఎక్కువగా ఉండేది ఇదే. చవక సరుకు. చవక అగరొత్తిలో, నేల తుడిచే లిక్విడ్‌లో 'మల్లె' అని రాసి ఉంటే అందులో చాలావరకు ఇదే ఉంటుంది. తియ్యగా ఉంది, పైపైన ఉంది, పువ్వు మాత్రం కాదు. అవునా?

రెండోది తెరవండి. జాగ్రత్త. మొహాలు చిట్లించారు చూడండి. కలరా ఉండలు అని ముందు వరుసలో అమ్మ అంటున్నారు. బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టే తెల్ల ఉండలు. ఇంకాస్త నిజాయితీగా చెప్పేవాళ్లు మరుగుదొడ్డి అంటారు. దీన్ని ఇండోల్ అంటారు. ఇది మీకు ఇచ్చింది నూటికి ఒక పాలు పలచన చేసి. పలచన చేయకుండా ఇస్తే హాలు ఖాళీ అయ్యేది.

మరి ఇది మల్లెలో ఉందంటే నమ్ముతారా? ఉంది. జాజి అబ్సల్యూట్‌లో, అంటే పువ్వు నుంచి తీసిన చిక్కటి సారంలో, నూటికి రెండున్నర పాళ్ల దాకా ఉంటుంది. రాత్రి జడలో పెట్టుకున్న మల్లెదండని పొద్దున్నే తీసి పారేయబోతూ ఒకసారి వాసన చూడండి. తీపి తగ్గిపోయి, అడుగున ఒక బరువైన, కాస్త మురికి వాసన మిగులుతుంది. గోధుమరంగు తిరిగిన రేకుల దగ్గర మరీ ఎక్కువ. మనకు అది తెలుసు. చిన్నప్పటి నుంచీ తెలుసు. పారిస్‌లో సెంటు బడికి వెళ్లి నేర్చుకునేవాళ్లకి చీటీల మీద తెలుస్తుంది, మనకు దిండు మీద తెలుస్తుంది. ఇవాళ నేను చెప్పదల్చుకున్న మాట ఒక్కటే. తెల్లపూల సెంటు ఖరీదైనదా, చవకదా అన్నది తీపిని బట్టి తేలదు. ఈ మురికి వాసనని ఎంత ఉంచారు, దేనితో అదుపు చేశారు అన్నదాన్ని బట్టి తేలుతుంది.

ఊరికే చెబితే నమ్మకండి. మూడు, నాలుగు చీటీలు ఒకదాని తర్వాత ఒకటి చూడండి. మధ్యలో మీ సొంత చొక్కా చేతినో, కొంగునో ఒకసారి వాసన చూసుకోండి, ముక్కు సర్దుకుంటుంది. షాపుల్లో కాఫీ గింజలు ఇస్తారే, అవి మామూలు గాలి కంటే ఎక్కువేం ఉద్ధరించవు.

మూడోదానికీ నాలుగోదానికీ తేడా ఒక్కటే. పాళ్లు రాసుకుంటారా? హెడియోన్ 35, బెంజైల్ ఎసిటేట్ 25, హెక్సైల్ సిన్నమాల్ 18, లినలూల్ 12, బెంజైల్ సాలిసిలేట్ 6, మిథైల్ ఆంత్రనిలేట్ 2, సిస్-జాస్మోన్ 1. మొత్తం 99. ఇది మూడో చీటీ. నాలుగోదాంట్లో వీటికి ఇండోల్ 1 కలిపితే నూరు. రెండిటినీ పదో వంతుకి పలచన చేశాం. అంటే నాలుగో చీటీ మీద పడిన ద్రవంలో ఇండోల్ వెయ్యికి ఒక పాలు. ఒకే ఒక్క పాలు. ఏమైంది?

మూడోది సబ్బు అన్నారు. రూమ్ ఫ్రెషనర్ అన్నారు. నాలుగోది? "మల్లె." అంతే. ఎవరూ కలరా ఉండ అనలేదు. ఆ వాసన విడిగా కనపడదు, కానీ దానివల్లే మిగతావాటికి లోతు వచ్చింది, రేకుకి మందం వచ్చింది. అదే ఇండోల్‌ని ఒకటికి బదులు నాలుగు వేయండి, మళ్లీ బీరువా. ఇంట్లో కలిపి చూసేవాళ్లు ఎక్కువగా బోల్తా కొట్టేది ఇక్కడే. ఇండోల్ పలుకుల్లాగా గట్టిగా ఉంటుంది. చిన్న త్రాసు మీద సరిగ్గా తూగదు. ముందే డీపీజీలో నూటికి పది పాళ్లు కరిగించి పెట్టుకోవాలి, అంటే 90 గ్రాముల డైప్రొపిలిన్ గ్లైకాల్‌లో 10 గ్రాముల ఇండోల్. ఆ ద్రావణం నుంచి బరువు తూచి తీసుకోవాలి. చుక్కల లెక్క వద్దు, గ్రాముల లెక్కే. చుక్క సైజు డ్రాపర్‌ని బట్టి మారిపోతుంది.

ఇందులో మిగతావి ఏమిటో కొంచెం చెబుతాను. మిథైల్ ఆంత్రనిలేట్‌ది ద్రాక్ష వాసన. మన బెంగళూరు బ్లూ ద్రాక్ష తొక్క నలిపితే వచ్చే ఆ మత్తు వాసన ఉందే, ఆ తరహా. మల్లెలో, నారింజ పువ్వులో ఇది సహజంగా ఉంటుంది. హెడియోన్ ఫిర్మెనిక్ కంపెనీ ప్రయోగశాలలో జాజి నూనెను పరిశీలిస్తూ ఉంటే బయటపడిన వాసన. విడిగా చూస్తే చాలామందికి ఏమీ తెలియదు, కలిపితే గాలి ఆడినట్టుంటుంది. 1966లో డియోర్ మగవాళ్ల సెంటు 'ఓ సవాజ్'లో దీన్ని వాడి ఎడ్మన్ రుద్నిట్స్కా పేరు తెచ్చుకున్నాడు. ఇవాళ హెడియోన్ లేని తెల్లపూల సెంటు దొరకడం కష్టం.

ఇక అసలు పువ్వు సంగతి. సీసాలోకి పువ్వు ఎలా వెళ్తుంది? ఇది మన పక్కనే జరిగే పని. తమిళనాడులో మదురై, దిండిగల్ వైపు నిలకోట్టై, ఇక్కణ్ణుంచి కనుమ దిగితే సత్యమంగళం, కోయంబత్తూరు. ఈ ప్రాంతాల్లో మల్లె పండిస్తారు, అక్కడే ఫ్యాక్టరీలూ ఉన్నాయి. పెద్ద పెద్ద విదేశీ సెంట్లలోకి ఇక్కడి మల్లె వెళ్తుంది. పెళ్లిళ్ల రోజుల్లో మొగ్గ రేటు చుక్కల్ని అంటుతుంది, అప్పుడు ఫ్యాక్టరీ వాళ్లు కొనలేరు. ఎండాకాలం దిగుబడి ఎక్కువై రేటు పడిపోయినప్పుడే వాళ్లకి పండగ. దండకి వెళ్లాల్సిన పువ్వు సెంటుకి వెళ్తుంది.

దండకి ఏ మొగ్గ తెస్తామో ఫ్యాక్టరీకీ అదే మొగ్గ. కాకపోతే అక్కడ మొగ్గని అలాగే వాడరు. నేల మీద పలచగా పరుస్తారు. సాయంత్రం దాటాక విచ్చుకుంటాయి. విచ్చుకున్నాకే వాసన పూర్తిగా తయారవుతుంది, కాబట్టి పని రాత్రి పూటే. ఇక్కడ ఏం చెడుతుంది? గుట్టగా పోస్తే చెడుతుంది. గుట్ట లోపల వేడి పుట్టి పువ్వు మగ్గిపోతుంది, నూనెలో పుల్లటి వాసన, ఎండుగడ్డి వాసన వస్తుంది. తర్వాత ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా అది పోదు.

విచ్చిన పూలను జల్లెడ పళ్లాల మీద పరిచి, మూసిన పాత్రలో హెక్సేన్ అనే ద్రావకంతో రెండు మూడు సార్లు కడుగుతారు. ఆ హెక్సేన్‌ని తక్కువ వేడి మీద, గాలి లాగేసి ఆవిరి చేస్తే అడుగున మైనంలాంటి ముద్ద మిగులుతుంది. దాన్ని కాంక్రీట్ అంటారు. అవునండీ, నవ్వకండి, అదే పేరు. ఆ ముద్దని ఆల్కహాలులో కరిగించి, సున్నాకి బాగా కిందికి చల్లబరిస్తే మైనం పేరుకుంటుంది. వడగట్టి, ఆల్కహాలు తీసేస్తే మిగిలేది అబ్సల్యూట్. ముదురు రంగు ద్రవం. మైనం సరిగా తీయకపోతే సెంటులో తెరలు తెరలుగా తేలుతుంది.

నీళ్ల ఆవిరితో తీయొచ్చు కదా అని అడుగుతారు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో రాగి డేగుల్లో, అంటే బట్టీ పాత్రల్లో, చందన తైలంలోకి మల్లె అత్తరు దింపుతారు, బాగుంటుంది, కానీ అది వేరే రుచి. ఉడికిన పువ్వు వాసన అందులో కొంత ఉంటుంది. పచ్చి పువ్వు కావాలంటే ద్రావకమే దారి.

ఎంత పువ్వుకి ఎంత నూనె? ఇక్కడ కాస్త ఆగుదాం, లెక్క సరదాగా ఉంటుంది. పటూ జాయ్‌కి కంపెనీ ఒక ప్రచారం చేసేది: 30 మిల్లీలీటర్లకు 10,600 జాజిపూలు, 28 డజన్ల గులాబీలు. ఇది నిజమా, గొప్పా? చూద్దాం. జాజిపూలు కిలోకి ఎనిమిది నుంచి పది వేలు తూగుతాయి. అంటే 10,600 పూలు కిలో, కిలోంపావు. కిలో జాజికి అబ్సల్యూట్ ఒకటిన్నర గ్రాము అటూ ఇటుగా వస్తుంది. కాబట్టి ఆ సీసాలో జాజి అబ్సల్యూట్ రెండు గ్రాములకు లోపు. 30 మిల్లీలీటర్ల గాఢమైన సెంటులో అది సాధ్యమయ్యే లెక్కే. ప్రచారం అనిపించిన మాట త్రాసు మీద నిలబడింది. పువ్వులు అన్ని వేలు అంటే కళ్లు తిరుగుతాయి, గ్రాముల్లో చెబితే రెండంటే రెండు. రెండూ ఒకటే లెక్క.

లిల్లీ పువ్వు ఇంకా పిసినారిది. వెయ్యి కిలోల పువ్వుకి కాంక్రీట్ కిలో వస్తే గొప్ప. అందులోంచి అబ్సల్యూట్ నాలుగో వంతు, ఒక్కోసారి అదీ రాదు. నాలుగు వేల కిలోలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పువ్వుకి ఒక్క కిలో అన్నమాట. కిలో ధర లక్షల్లో ఉంటుందంటే ఆశ్చర్యమేముంది? అందుకే డిజైనర్ సెంటులో అసలు లిల్లీ అబ్సల్యూట్ ఉంటే ఉప్పు చిటికెడంత ఉంటుంది, మిగతాది వేరే పదార్థాలతో కట్టిన నిర్మాణం. దాన్ని మోసం అనకూడదు. గార్డెనియా నుంచైతే వ్యాపార స్థాయిలో నూనె దాదాపు తీయరు. గార్డెనియా అని రాసిన దాదాపు ప్రతి సెంటూ ఏదో ఒక పెర్ఫ్యూమర్ ఊహే.

లిల్లీలో ఏముంటుంది? మిథైల్ సాలిసిలేట్. నడుం నొప్పికి రాసుకునే బామ్ వాసన. ఇంట్లో లిల్లీ కాడలు కుండీలో పెట్టి దగ్గరగా వాసన చూస్తే ఆ చల్లటి, మందులాంటి వాసన మొదట తగులుతుంది. దాని వెనక కొబ్బరిపాల మీగడ లాంటి కమ్మదనం ఉంటుంది. జెర్మెన్ సెలియే ఫ్రకాలో చేసిన గొప్ప పని ఏమిటంటే, ఆ బామ్ వాసనని బాగా తగ్గించి, ఆ మీగడని హద్దు లేకుండా పెంచింది. దాన్ని నారింజ పువ్వుతో ఎత్తి, అడుగున చందనం, కస్తూరి తరహా వాసనలు పరిచింది. గట్టి సెంటు. లిఫ్టులో ఒకరు రాసుకుంటే పై అంతస్తు దాకా తెలుస్తుంది. పిగే బట్టల దుకాణం 1951లో మూతపడింది, ఫ్రకా మాత్రం ఇప్పటికీ అమ్ముడవుతోంది. బట్టలు పోయాయి, వాసన మిగిలింది.

దీని పక్కన గుచ్చీ బ్లూమ్ పెట్టి చూడండి. 2017. కూర్చింది ఆల్బెర్టో మొరియాస్. అందులోనూ లిల్లీయే, మల్లె మొగ్గే. మూడో పువ్వు రంగూన్ క్రీపర్ అని రాస్తారు. అదేమిటో తెలుసా? మన రాధామనోహరం. సాయంత్రం తెల్లగా విచ్చుకుని, మర్నాటికి గులాబీ రంగు, తర్వాత ఎరుపు తిరిగే తీగ. ఇక్కడ పాత బంగళాల ప్రహరీల మీద పాకి ఉంటుంది. కంపెనీ దాన్ని అరుదైన దక్షిణ భారత పువ్వు అని చెప్పుకుంది, మనకేమో గేటు మీద తీగ! ఫ్రకా కంటే బ్లూమ్ చాలా ఆకుపచ్చగా, తేలిగ్గా ఉంటుంది. ఇండోల్‌ని బాగా తగ్గించారు. ఆఫీసుకి వేసుకెళ్లొచ్చు. నా తూకంలో మాత్రం ఫ్రకాకే ఎక్కువ మార్కులు. బ్లూమ్‌లో పొద్దున పూట మల్లె ఉంది, రాత్రి మల్లె లేదు.

ఇంకోటి, ఎలీ సాబ్ లె పార్ఫమ్, 2011. ఈయన లెబనాన్ డిజైనర్. కూర్చింది ఫ్రాన్సిస్ కుర్కజియాన్. నారింజ పువ్వు, మల్లె, అడుగున పచౌలీ అనే ఆకు వాసన, తేనె లాంటి గులాబీ. లెబనాన్‌లో నారింజ పువ్వు నీళ్లు మిఠాయిల్లో వేస్తారు, కాబట్టి ఆ ఎంపిక సహజం. పట్టుచీర మీదికి సెంటు కావాలని అడిగేవాళ్లకి నేను మొదట ఇదే చూపిస్తాను. తేనె తీపి కొంచెం ఎక్కువ, అది ఇష్టం లేనివాళ్లకి నచ్చదు.

జాయ్ గురించి ఒక హెచ్చరిక చెప్పకపోతే తప్పవుతుంది. 2018లో పటూ కంపెనీ డియోర్‌ని నడిపే ఎల్‌వీఎంహెచ్ సంస్థ చేతికి వెళ్లింది, అదే ఏడాది డియోర్ 'జాయ్' అనే పేరుతో కొత్త సెంటు తెచ్చింది. పేరు ఒకటే, వాసన వేరు. పాత జాయ్ అనుకుని కొత్తది కొనకండి.

కొనేటప్పుడు ఏం చేయాలి? మొదటి మాట: మొదటి పది నిమిషాల వాసన చూసి డబ్బులు కట్టకండి. అది తలుపు దగ్గరి పలకరింపు మాత్రమే, నిమ్మజాతి వాసనలు ఎగిరిపోయేదాకా ఆగాలి. తెల్లపూల సెంటులో అసలు పువ్వు ఇరవై నిమిషాల తర్వాత విచ్చుకుంటుంది, మూడు నాలుగు గంటలు ఉంటుంది. చీటీ మీద కొట్టించుకుని, నచ్చితే మణికట్టు మీద ఒక్కసారి కొట్టి, మాల్ బయటికి రండి. ఏసీ చల్లదనంలో అడుగు వాసనలు పైకి రావు. ఎండలో కాసేపు నడవండి, కాఫీ తాగండి, గంట తర్వాత చూడండి, నాలుగు గంటల తర్వాత చూడండి. ఇండోల్ మీ ఒంటి మీద ఎలా మారుతుందో అప్పుడే తెలుస్తుంది. ఒకే రోజు మూడింటికి మించి చూడకండి, మూడో దాని తర్వాత ముక్కు అబద్ధం చెబుతుంది. మణికట్లు రెండూ రుద్దుకోవడం మానండి, వేడికి పైవాసన త్వరగా పోతుంది, అంతకు మించి ప్రయోజనం లేదు.

ఇక డబ్బా మీద గాఢతని చెప్పే మాటలు: ఓ ద తువాలెట్, ఓ ద పార్ఫమ్, ఎక్స్‌ట్రే. మొదటిదాంట్లో వాసన నూనె నూటికి సుమారు 5 నుంచి 15 పాళ్లు, రెండోదాంట్లో 15 నుంచి 20, మూడోదాంట్లో 20 దాటి. వీటికి చట్టం గీసిన గీత ఏమీ లేదు, వాడుక మాత్రమే. ఇంకో విషయం, ఒకే పేరున్న రెండు రకాలు ఒకే సెంటుకి పలచన, చిక్కన అనుకోకండి. చాలాసార్లు కూర్పే మారుతుంది. రెండూ విడివిడిగా చూడాల్సిందే.

నకిలీలు. తెల్లపూల సెంటులో నకిలీని పట్టుకోవడం తేలిక, ఎందుకంటే మీ చేతిలో మూడో నంబరు చీటీ ఉంది. నకిలీ చేసేవాడు చవకైన బెంజైల్ ఎసిటేట్ ఎక్కువ పోసి డబ్బు మిగుల్చుకుంటాడు. మొదట ఘుప్పుమంటుంది, అరగంటకి నేల తుడిచే లిక్విడ్, గంటకి ఏమీ లేదు. డబ్బా చూడండి. అట్టపెట్టె అడుగున ఉన్న బ్యాచ్ కోడ్, సీసా అడుగున ఉన్న కోడ్ ఒకటే ఉండాలి. మన దేశంలో సక్రమంగా దిగుమతి అయినదానిమీద దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర ఉన్న స్టిక్కర్ ఉంటుంది. ఇంకొకటి, పదార్థాల జాబితాలో బ్యూటైల్‌ఫెనైల్ మిథైల్‌ప్రొపియోనల్ అని కనబడితే అది పాత సరుకు అయ్యే అవకాశం ఎక్కువ. దాన్నే లిలియాల్ అంటారు, తెల్లపూల సెంట్లలో విపరీతంగా వాడేవారు. 2022 మార్చి నుంచి యూరప్ దాన్ని నిషేధించింది. పాత సీసా, కొత్త సీసా వాసన తేడాగా ఉందని చాలామంది అనడానికి ఇలాంటి మార్పులూ ఒక కారణం.

ఇక వేసుకోవడం. చెన్నైలో ఉండే మీ చుట్టాలకీ మీకూ ఒకే లెక్క పనికిరాదు. అక్కడ వేడికి సెంటు ఒక్కసారిగా పైకి లేస్తుంది, త్వరగా అయిపోతుంది, ఆ కాసేపూ మాత్రం పక్కవాళ్లకి ఊపిరాడదు. ఫ్రకా లాంటిది మే నెల మధ్యాహ్నం చెన్నైలో వేసుకోవడం సాహసం. ఒక్క స్ప్రే, అదీ జాకెట్టు లోపల ఛాతీ మీద. బెంగళూరు సాయంత్రాలకు రెండు బాగుంటాయి, మెడ వెనక ఒకటి. చర్మం పొడిబారి ఉంటే నిలవదు, వాసన లేని క్రీము ముందు రాయండి. చెమట మీద కొట్టకండి.

చీర కట్టుకునే ముందు కొట్టుకోండి, అయిదు నిమిషాలు ఆరనివ్వండి, తర్వాత చీర. పట్టు మీద నేరుగా వద్దు. ముఖ్యంగా తెల్లపట్టు, లేతరంగు. ఎందుకంటే ఈ సెంట్లకి రంగు పట్టే గుణం ఉంది. ఇందాకటి మిథైల్ ఆంత్రనిలేట్ ఉందే, అది ఆల్డిహైడ్ జాతి వాసనలతో కలిస్తే పసుపు, తర్వాత నారింజ రంగు తిరుగుతుంది. ఇండోల్ కూడా వెలుతురుకి ఎర్రబడుతుంది. నాలుగో చీటీకి వాడిన సీసా ఇదిగో, పట్టుకుని చూపిస్తున్నాను, కలిపినప్పుడు నీళ్లలా ఉంది, ఇప్పుడు పసుపుగా ఉంది. అదే పట్టు మీద పడితే? డ్రై క్లీనింగ్‌కి ఇచ్చినా పోతుందన్న హామీ లేదు. ముత్యాలు కూడా సెంటు ఆరాకే వేసుకోండి, ఆల్కహాలుకి వాటి మెరుపు తగ్గుతుంది.

తలలో నిజం మల్లెలు పెట్టుకున్నరోజు మల్లె సెంటు కొట్టుకోకండి. పక్కపక్కన పెడితే సెంటు ఓడిపోతుంది, ఎంత ఖరీదైనదైనా సరే. ఆ రోజు లిల్లీ వాసన ఉన్నదో, చందనం ఎక్కువ ఉన్నదో వేసుకోండి. తలకి కొబ్బరినూనె రాసుకునేవాళ్లకి లిల్లీ సెంటు అచ్చంగా సరిపోతుంది, దాని మీగడ వాసనకీ కొబ్బరికీ చుట్టరికం ఉంది.

ప్రశ్నలు రెండు వచ్చాయి. సీసాలో రంగు ముదిరింది, పారేయాలా అని ఒకరు. రంగు చూసి పారేయకండి. తెల్లపూల సెంటు ముదరడం సహజం. చీటీ మీద కొట్టి చూడండి. మొదట్లో పుల్లగా, వెనిగర్‌లాగానో పాత నూనెలాగానో వస్తే, ఇరవై నిమిషాల తర్వాత కూడా అలాగే ఉంటే చెడినట్టు. పైవాసన మాత్రమే మందగించి పువ్వు బాగుంటే నిశ్చింతగా వాడుకోండి. డబ్బా మీద తెరిచిన మూత బొమ్మలో 36ఎం అని ఉంటే తెరిచాక 36 నెలలు అని. రెండో ప్రశ్న, ఫ్రిజ్‌లో పెట్టాలా. అక్కర్లేదు. వెలుతురు, వేడి, ఆ రెండూ తగలకపోతే చాలు. బాత్‌రూమ్ అల్మారా మాత్రం వద్దు, గీజర్ వేడికి రోజూ వేడెక్కి చల్లారుతుంది. అట్టపెట్టెలోనే ఉంచి బీరువాలో పెట్టండి. కలరా ఉండలు లేని అరలో!

బల్ల మీద ఫ్రకా, బ్లూమ్, ఎలీ సాబ్ ఉన్నాయి. ముగ్గురేసి రండి. పక్కన ఖాళీ చీటీలు ఉన్నాయి, కొట్టేది వాటి మీదే. పెన్ను కూడా పెట్టాం, సెంటు పేరు ముందే రాసుకోండి, ఇంటికెళ్లాక ఏది ఏదో తెలియక ఫోన్లు చేస్తారు. ఫ్రకా ఒక్కసారి నొక్కితే చాలు.